రిజిస్టరుకెక్కని రోగికి సెలైన్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఉత్తరం (కొంచెం కుదించాను):

కాంపౌండర్ గారూ, నమస్కారం. మాది విజయనగరం జిల్లాలో 1,100 మంది ఉండే ఊరు. నేను డ్వాక్రా సంఘం లీడర్ని. మొన్న ఆగస్టులో వానలు పట్టిన నాలుగో రోజు నుంచి మా వీధిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. వారం తిరిగేసరికి 14 ఇళ్లలో జనం మంచాన పడ్డారు. మా అత్తగారిని పీహెచ్‌సీకి తీసుకెళ్తే సెలైన్ బాటిళ్లు రెండే ఉన్నాయన్నారు, మిగతావి బయట కొన్నాం. దేవుడి దయ వల్ల కోలుకుంది. ఏఎన్ఎం గారిని అడిగితే ఇన్ని మందులు కావాలని పైకి ఇండెంట్ పెట్టాం, రాలేదన్నారు. పంచాయతీలో అడిగితే జబ్బులు వైద్య శాఖ పని అన్నారు, వైద్య శాఖ వాళ్లేమో నీళ్లు పంచాయతీవి అన్నారు. అసలు ప్రభుత్వం వీళ్లకి డబ్బులిస్తోందా, లేదా? ఇస్తే ఎక్కడికి పోతున్నాయి? మా తమ్ముడు ఆసుపత్రిలో వీడియో తీసి పెడదాం, అప్పుడే కదులుతారు అంటున్నాడు. పెట్టమంటారా? నా పేరు వేయకండి.

సమాధానం:

అమ్మా, ముందు మీ తమ్ముడి వీడియో సంగతి చెప్పేస్తాను. పెట్టొద్దు. పెడితే ఏమవుతుందో 34 ఏళ్లు ఆ కౌంటర్ వెనకాల నిలబడ్డ వాడిగా నాకు తెలుసు. ఆ రోజు డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సుకి మెమో వస్తుంది, ఆవిడ ఏడుస్తుంది, మర్నాడు పక్క పీహెచ్‌సీ నుంచి ఒక పెట్టె సెలైన్లు తెచ్చి పెట్టి ఫొటో తీసుకుంటారు, వచ్చే ఆగస్టుకి మళ్లీ రెండు బాటిళ్లే ఉంటాయి. ఆ నర్సు సెలైన్లు కొనదు, ఆవిడ చేతిలో రూపాయి ఉండదు. ఎవరి చేతిలో ఉంటుందో తెలుసుకుని, ఆ తలుపు కొట్టాల్సిన నెలలో కొడితే పని జరుగుతుంది. అందుకే ఈ జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీ ఉత్తరంలో మీరు రాయని విషయం ఒకటుంది. 14 ఇళ్లలో జనం పడ్డారన్నారు. అందులో పీహెచ్‌సీకి వెళ్లినవాళ్లు ఎంతమంది? నా అంచనా ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూదేయించుకుని ఉంటారు, ఇద్దరు టౌన్లో ప్రైవేటుకి పోయి ఉంటారు, ముసలివాళ్లు మజ్జిగ తాగి పడుకుని ఉంటారు. అంటే మీ ఊరికి వచ్చింది పద్నాలుగు ఇళ్ల జబ్బు, ప్రభుత్వానికి కనపడింది ముగ్గురి జబ్బు. ఇక్కడే మొత్తం కథ ఉంది. రిజిస్టరులో పడని రోగం ప్రభుత్వం లెక్కలో లేనట్టే, లెక్కలో లేని రోగానికి మందు రాదు.

ఈ ముక్క నేను ఎవరి మీదో కోపంతో అనడం లేదు, నా తప్పు వల్ల నేర్చుకున్నదే. సర్వీసులో చేరిన కొత్తల్లో ఒక ఏజెన్సీ పీహెచ్‌సీలో ఉండేవాడిని. ఒక వానాకాలం విపరీతంగా విరేచనాలు, ఊరూరా క్యాంపులు పెట్టాం, ఓఆర్ఎస్ ప్యాకెట్లు సంచుల్లో తీసుకెళ్లి చేతికందినవాళ్లకల్లా ఇచ్చాం. రాత్రి పదింటికి తిరిగొచ్చేసరికి ఒళ్లు పులిసిపోయి, ఎవరికి ఎన్ని ఇచ్చామో రాసే ఓపిక ఉండేది కాదు, రేపు రాద్దాం అనుకోవడం, ఆ రేపు రాకపోవడం. చివరికి స్టాకు సరిపెట్టడానికి ఏదో ఒక తేదీన గంపగుత్తగా 'పాడైనవి' అని కొట్టేశాం. మరుసటి ఏడాది ఇండెంట్ పెడితే పైన కూర్చున్నాయన చూసేది ఏమిటి? గత ఏడాది వాడకం ఇంత తక్కువ, పైగా ఇన్ని పాడు చేశారు, మళ్లీ ఇన్నెందుకని సగానికి కోసేశాడు. ఆయన తప్పేం లేదు, కాగితం మీద నేనే అబద్ధం రాశాను. ఆ ఆగస్టులో మళ్లీ విరేచనాలు వచ్చినప్పుడు ఓఆర్ఎస్ లేక ఉప్పూ పంచదారా కలిపి గ్లాసుల్లో పోశాం. అప్పటి నుంచి నేను రాత్రి పన్నెండయినా రిజిస్టరు రాసి పడుకునేవాడిని, మా ఇంట్లో దాన్ని నా రెండో పెళ్లాం అనేవాళ్లు.

ఇప్పుడు మీ ప్రశ్న, డబ్బులిస్తున్నారా లేదా. ఇస్తున్నారు, చాలినంత ఇవ్వడం లేదు, ఇచ్చింది ఒక సంచిలో రాదు. మూడూ నిజమే.

చాలినంత లేదని ఎందుకంటున్నానంటే, 2017 జాతీయ ఆరోగ్య విధానంలో కేంద్రమే రాసుకుంది, 2025 నాటికి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఆరోగ్యానికి జీడీపీలో 2.5 శాతం ఖర్చు పెట్టాలని. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల్లో అది 1.84 శాతం దగ్గర ఉంది, అదీ కోవిడ్ పుణ్యమా అని పెరిగిన ఏడాది. అదే ఏడాది దేశంలో వైద్యానికైన ప్రతి వంద రూపాయల్లో 39 రూపాయలకి పైగా జనం నేరుగా జేబులోంచి పెట్టారు. 2013-14లో అది 64 రూపాయలు, కాబట్టి తగ్గిందనే చెప్పాలి. మీరు బయట కొన్న సెలైన్లు ఆ 39లోకే వస్తాయి.

ఇక సంచుల సంగతి. మన రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. అంటే బాధ్యత రాష్ట్రానిది. కానీ డబ్బు కేంద్రం దగ్గర ఎక్కువ ఉంటుంది కాబట్టి జాతీయ ఆరోగ్య మిషన్ పేరుతో కొంత ఇస్తుంది, మనలాంటి రాష్ట్రాలకి కేంద్రం 60 రూపాయలిస్తే రాష్ట్రం 40 కలపాలి. ఇది వినడానికి బాగానే ఉంటుంది. కేంద్రం వాటా రాష్ట్ర ఖజానాకి చేరాలి, అక్కడ నుంచి మిషన్ ఖాతాకి మారాలి, రాష్ట్రం తన వాటా కలపాలి, పాత డబ్బు ఖర్చయినట్టు వినియోగ ధ్రువపత్రాలు వెళ్లాలి, అప్పుడు తర్వాతి విడత. ఏ ఒక్క మెట్టు దగ్గర ఆగినా కింద కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్‌కి రెండు నెలలు జీతం ఆగిపోతుంది. ఏప్రిల్ ఒకటిన కొత్త ఆర్థిక సంవత్సరం మొదలైతే చేతికి డబ్బు తగిలేసరికి వానాకాలం సగం అయిపోయిన ఏళ్లు నేను చూశాను. దోమలు బడ్జెట్ విడుదల కోసం ఆగవు కదా.

మీ పీహెచ్‌సీ గుమ్మంలో నిలబడి ఒకసారి చుట్టూ చూడండి. రెగ్యులర్ డాక్టరు గారి జీతం రాష్ట్రానిది. కాంట్రాక్టు వాళ్లలో చాలామందికి మిషన్ డబ్బు. ఆశా కార్యకర్తకి మిషన్ ఇచ్చే ప్రోత్సాహకం కొంత, రాష్ట్రం కలిపేది కొంత. ఫ్రిజ్‌లో ఉన్న పిల్లల టీకాలు కేంద్రం కొని పంపినవి. టీబీ మందులూ చాలావరకు అంతే. మీకు దొరకని సెలైను, పారాసిటమాల్, యాంటీబయాటిక్ రాష్ట్రంలో వైద్య సేవల, మౌలిక వసతుల సంస్థ, అంటే మేం ఎంఎస్ఐడీసీ అనేది, అది టెండర్ వేసి కొని జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోర్‌కి పంపుతుంది, అక్కడ నుంచి పీహెచ్‌సీకి వస్తాయి. మీ వీధి కుళాయిలో పడాల్సిన బ్లీచింగ్ పౌడర్ మాత్రం పంచాయతీ డబ్బు. ఇన్ని చేతులు ఒకే ఇంట్లో వంట చేస్తున్నాయి కాబట్టే ఉప్పు ఎవరు వెయ్యాలో తేలక కూర చప్పగా ఉంటుంది.

ఒక విచిత్రం గమనించారా? మీకు సెలైన్ దొరకని అదే పీహెచ్‌సీలో బుధవారం, శనివారం టీకాలు దొరకలేదన్న మాట ఎప్పుడైనా విన్నారా? నేను చాలా అరుదుగా విన్నాను. ఎందుకంటే టీకా గత ఏడాది వాడకం చూసి వచ్చేది కాదు, పేరు చూసి వచ్చేది. ఏ ఇంట్లో ఏ పాప ఏ నెలలో పుట్టింది, ఎన్ని వారాలకి ఏ డోసు, అన్నీ ఏఎన్ఎం దగ్గర డ్యూ లిస్టులో ఉంటాయి. ఎన్ని వయల్స్ కావాలో ముందే తెలుసు, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచడానికి ఫ్రిజ్ ఉంది, దాని టెంపరేచర్ రోజుకి రెండు పూటలా రాయాలి. మనకి వ్యవస్థ చేతకాక కాదు. ఎవరికి ఎంత కావాలో ముందే రాసుకున్న చోట అదే వ్యవస్థ గడియారంలా నడుస్తోంది. విరేచనాలకి డ్యూ లిస్టు ఉండదు, అక్కడ పాత ఏడాది లెక్కే దిక్కు, ఆ లెక్కలో మీ 11 ఇళ్లు లేవు.

మన వాళ్లు ఈ అంచెలు ఎలా పెట్టారో కూడా రెండు మాటల్లో చెప్పనివ్వండి, ఎవరిని ఏం అడగాలో తెలియడానికి పనికొస్తుంది. 1946లో భోర్ కమిటీ అని ఒకటి నివేదిక ఇచ్చింది, వైద్యం డబ్బున్నవాడికే కాదు, పల్లెకి చేరాలని. దాని ఆలోచన మీదే 1952 నుంచి పీహెచ్‌సీలు మొదలయ్యాయి. ఇప్పటి లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 5 వేల మందికి ఒక సబ్ సెంటర్, 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ, లక్షా 20 వేల మందికి 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం, అంటే సీహెచ్‌సీ. ఏజెన్సీలో 3 వేలు, 20 వేలు, 80 వేలు. వెయ్యి మందికి ఒక ఆశా, ఇది 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చింది. పీహెచ్‌సీలు జిల్లా వైద్యాధికారి, అంటే డీఎంహెచ్‌ఓ కింద ఉంటాయి. సీహెచ్‌సీలు, ఏరియా ఆసుపత్రులు వేరే అధికారి కింద, మెడికల్ కాలేజీ ఆసుపత్రులు ఇంకో డైరెక్టరు కింద. మీ అత్తగారిని పీహెచ్‌సీ నుంచి పెద్దాసుపత్రికి రిఫర్ చేస్తే ఆవిడ మూడు కార్యాలయాల సరిహద్దులు దాటినట్టు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అని మీకు అనిపించవచ్చు, చాలామంది అదే అడుగుతారు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం, ఇప్పుడు పేరు ఏదైనా, ఎంతో మంది గుండె ఆపరేషన్లు చేయించింది, నేను దాన్ని తక్కువ చేయను. అయితే అది ఆసుపత్రిలో చేరిన తర్వాత వచ్చే పెద్ద బిల్లు కోసం పెట్టింది. పైపు లీకేజీకి ఆరోగ్యశ్రీ లేదు. ఆపరేషన్ చేయించిన పేషెంటు పూలదండతో ఫొటోలో కనిపిస్తాడు, రాని జబ్బుకి ఫొటో ఉండదు, అందుకే ఏ పార్టీ వచ్చినా డబ్బు అటు వేగంగా, ఇటు నెమ్మదిగా నడుస్తుంది. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఉంటారు.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. జబ్బులు ప్రబలుతున్నాయని ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది? 2004 చివర్లో దేశమంతా ఒక నిఘా కార్యక్రమం మొదలైంది, ఐడీఎస్‌పీ అంటారు. అందులో మూడు ఫారాలు. ఎస్ ఫారం ఏఎన్ఎం రాస్తుంది, లక్షణాలు చూసి. పి ఫారం డాక్టరు గారు, పరీక్ష చేసి ఫలానా జబ్బు అనుకుంటే. ఎల్ ఫారం ల్యాబ్ నుంచి, తేలిన తర్వాత. ఒకప్పుడు వారానికోసారి కాగితాలు, ఇప్పుడు ట్యాబుల్లో, కంప్యూటర్లలో ఎక్కిస్తున్నారు. దానికి గీత ఒకటి పెట్టారు. వెయ్యి మంది ఊళ్లో పదికి మించిన ఇళ్లలో విరేచనాల కేసులుంటే అది మామూలు విషయం కాదని, మనుషుల్ని పంపి చూడాలని. ఐదేళ్లు దాటిన మనిషి ఒంట్లో నీరంతా పోయి ప్రాణం మీదకి వచ్చినా, అది ఒక్క కేసైనా సరే, అంతే. మీ ఊరు 1,100 మంది, 14 ఇళ్లు. మీరు గీత దాటారమ్మా. దాటినట్టు ఎవరికీ తెలీదు, అదే బాధ.

తెలిస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు, 500 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఎక్కువ మంది ఒకే ప్రభుత్వ ఆసుపత్రికి చేరడంతో రోజు తిరక్కుండానే ఇది ఏదో వేరే సంగతి అని తేలిపోయింది, ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ దాకా నమూనాలు వెళ్లాయి, రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, తర్వాత పురుగు మందుల మీదకి అనుమానం మళ్లింది. అదే జనం యాభై మంది ఆర్ఎంపీల దగ్గరికి విడివిడిగా పోయి ఉంటే ఎన్ని రోజులు పట్టేదో ఊహించండి. మీ జిల్లాలోనే 2024 అక్టోబరులో గుర్లలో అతిసారం ప్రబలిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, అప్పుడు కూడా మాట అంతా తాగునీటి మీదే నడిచింది.

కాబట్టి మొదటి పని. ఒక స్కూలు నోటు పుస్తకం తీసుకుని మీ సంఘంలో వీధికి ఒకరు చొప్పున కూర్చుని ఆగస్టులో ఎవరికి ఏ తేదీన మొదలైంది, వయసు ఎంత, ఏ కుళాయి నీళ్లు, ఎక్కడ వైద్యం చేయించుకున్నారు, ఎంత ఖర్చయింది, రాయండి. జ్ఞాపకం చెరిగిపోకముందే ఈ వారమే. ఆర్ఎంపీని కూడా కూర్చోబెట్టి మర్యాదగా అడగండి, కేసు పెడతారేమోనని భయపడతాడు, పేరు రాయం అని చెప్పండి. ఆ పట్టీ ఒక కాపీ ఏఎన్ఎంకి, ఒక కాపీ మెడికల్ ఆఫీసరు గారికి, కవరింగ్ లెటర్‌తో ఇచ్చి మీ కాపీ మీద తేదీ, సంతకం, స్టాంపు వేయించుకోండి. ఏఎన్ఎం మీద కోపంగా వెళ్లకండి. ఆవిడ ఎన్ని యాప్‌లలో ఎన్ని లెక్కలు ఎక్కిస్తుందో మీరు చూస్తే మీరే టీ పోసి కూర్చోబెడతారు. ఆ పట్టీ ఆవిడకి కూడా బలమే, వచ్చే ఇండెంట్‌లో 'గత ఆగస్టులో ఫలానా ఊళ్లో ఇన్ని కేసులు, పట్టీ జతపరిచాం' అని రాసుకోవచ్చు. గాలిలో అడిగిన ఇండెంట్‌ని కోసినంత తేలిగ్గా కాగితం జత చేసిన ఇండెంట్‌ని కోయలేరు.

ఇండెంట్ వచ్చేలోపు చేతిలో డబ్బు లేదా అంటే, ఉంది. ప్రతి పీహెచ్‌సీకి ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఉంటుంది, దానికి మిషన్ నిబంధనల ప్రకారం ఏడాదికి లక్షా 75 వేల రూపాయల దాకా అన్‌టైడ్ నిధి రావాలి. అన్‌టైడ్ అంటే ఫలానా పద్దుకే అని కట్టేయనిది. అత్యవసరానికి వాడుకోవచ్చు. మీ ఊళ్లోనే గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ అని ఒకటి కాగితం మీదైనా ఉండి తీరాలి, దానికి ఏడాదికి 10 వేల దాకా. ఈ కమిటీలో మీలాంటి సంఘం మహిళలకి చోటుంది. అందులో ఎవరెవరున్నారో ఆశా కార్యకర్తని అడగండి. మీ పేరే అందులో ఉండి మీకే తెలియకపోయినా నేను ఆశ్చర్యపోను, అలాంటివి చూశాను. ఈ డబ్బు రాలేదంటారా, వచ్చి ఖర్చయిపోయిందంటారా, ఏదైనా రాతపూర్వకంగా చెప్పమనండి. సమాచార హక్కు దరఖాస్తుకి మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తులో 'అవినీతి', 'నిర్లక్ష్యం' లాంటి మాటలు రాయకండి, 'గత రెండు ఆర్థిక సంవత్సరాల్లో వచ్చిన మొత్తం, ఖర్చు వివరాలు, సెలైను, ఓఆర్ఎస్ స్టాకు రిజిస్టరు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు నకళ్లు' అని మాత్రం అడగండి. తిట్టు ఉన్న కాగితానికి తిట్టే జవాబు వస్తుంది. లెక్క అడిగితే లెక్క చెప్పక తప్పదు.

రెండో పని నీళ్లు. నన్నడిగితే మొదటి పని ఇదే, మీరు సెలైన్ గురించి అడిగారు కాబట్టి వెనక్కి వచ్చింది. ఇక్కడ పంచాయతీ వాళ్లు మీకు సగం నిజం చెప్పారు. జబ్బు వైద్య శాఖది, జబ్బుకి కారణం వాళ్లదే. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ కట్టేసింది, సగం సగం. వేరేవాటికి వాడకూడదు. కాబట్టి బ్లీచింగ్‌కి డబ్బు లేదు అనే మాట చెల్లదు. గ్రామసభలో లేచి ఆ 60 శాతంలో ఏం కొన్నారు అని అడగండి, ఒక్కరు అడిగితే గొడవ అంటారు, పదిమంది ఆడవాళ్లు అడిగితే తీర్మానం అంటారు.

బ్లీచింగ్ విషయంలో నా చాదస్తం కాస్త భరించండి. మూత తీసి ఉంచిన బస్తాలో బలం ఉండదు, వాసన ఘాటుగా రాకపోతే అది సున్నంతో సమానం, ముగ్గుకి పనికొస్తుంది. మంచి పౌడరైతే మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు, అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకి వంద గ్రాములు. బకెట్‌లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, అడుగున సున్నం పేరుకున్నాక పైతేట మాత్రమే ట్యాంకులో పొయ్యాలి. గంటసేపు ఆగి అప్పుడు వదలాలి. చాలా ఊళ్లలో పొద్దున ఆరింటికి మోటరు వేసి, ట్యాంకు నిండుతుండగానే పిడికెడు చల్లి, వెంటనే గేట్ వాల్వ్ తిప్పేస్తారు, అది శివాలయంలో విభూతి చల్లినట్టే. సరిగ్గా పడిందో లేదో ట్యాంకు దగ్గర చూడకూడదు, ఊరి చివరి కుళాయి దగ్గర చూడాలి. అక్కడ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి, జబ్బులు ప్రబలినప్పుడు 0.5. క్లోరోస్కోప్‌లో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, రంగు ఎంత చిక్కగా ఉంటే అంత క్లోరిన్. ఆ కిట్టు ఏఎన్ఎం దగ్గర ఉండాలి. అంతకంటే మంచి కబురు, జల్ జీవన్ మిషన్‌లో ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకి నీటి పరీక్షల కిట్టు వాడటం నేర్పాలని ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరు? కిట్టు ఎక్కడుంది? గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు, అంటే ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈ గారిని అడగండి. పెట్టె విప్పకుండా సచివాలయం బీరువా మీద ఉండే అవకాశం ఎక్కువ.

వానలు పట్టిన నాలుగో రోజున మొదలైందని రాశారు చూడండి, అది నాకు పైపు సంగతే చెబుతోంది. మురికి కాలువలో మునిగి ఉన్న పైపుకి ఎక్కడో జాయింట్ లీకుంటుంది, నీళ్లు వదిలినంతసేపు బయటికి కారుతుంది, ఆపగానే ఖాళీ అయిన పైపు కాలువలో నీళ్లనే లోపలికి లాక్కుంటుంది. మీ నోటు పుస్తకంలో జబ్బు పడ్డ ఇళ్లన్నీ ఒకే లైను మీద ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే ఆ లైనంతా నడిచి చూడమని ఏఈ గారికి రాయండి, 'మా వీధిలో నీళ్లు బాగోలేవు' అని కాకుండా, 'ఫలానా వాల్వ్ నుంచి ఫలానా వారి ఇంటి దాకా ఉన్న లైను మీద 14 ఇళ్లలో 12' అని. రెండో రకం ఉత్తరం చేతిలో పెట్టుకుని ఏ ఇంజనీరూ నిద్రపోలేడు.

మూడోది, నెలల సంగతి. అందరూ ఆగస్టులో పరిగెడతారు. ఆగస్టులో ఉన్న సరుకు పంచుకోవడమే, కొత్తది రాదు. మందుల టెండర్లకి నెలలు పడతాయి, జిల్లా ఆరోగ్య ప్రణాళికలు, మిషన్ ప్రతిపాదనలు ఆర్థిక సంవత్సరం మొదలవకముందే పైకి వెళ్లిపోతాయి, పంచాయతీ వార్షిక ప్రణాళిక కూడా శీతాకాలంలోనే రాసేస్తారు. అంటే వచ్చే వానాకాలంలో మీ అత్తగారికి సెలైన్ ఉంటుందా లేదా అనేది సంక్రాంతి అటూ ఇటూగా తేలిపోతుంది, అప్పుడు మనం గొబ్బెమ్మలు పెట్టుకుంటూ ఉంటాం. మీరు పట్టీ తీసుకుని నవంబరు, డిసెంబరులో ఒకసారి వెళ్లండి. మే నెలాఖరులో మళ్లీ వెళ్లి మెడికల్ ఆఫీసరు గారిని ఒకటే అడగండి, వానాకాలానికి సెలైను ఎన్ని, ఓఆర్ఎస్ ఎన్ని, పిల్లలకి జింకు మాత్రలు ఎన్ని, పాము కాటు మందు ఎన్ని వయల్స్. పీహెచ్‌సీలో 172 రకాల మందులు ఉండాలని జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి, మీరు నాలుగే అడుగుతున్నారు. లేవంటే అప్పుడు సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి వెళ్లండి, రసీదు తీసుకోండి. జూన్ మొదటి వారంలో పెట్టిన అర్జీకి పక్క గోడౌన్ నుంచి సర్దడానికైనా టైముంటుంది.

అయ్యో, ఇదంతా మా పనా, జీతాలు తీసుకునేవాళ్లు చెయ్యాలి కదా అంటారు. చెయ్యాలి. చెయ్యనప్పుడు మీరు అడిగే తీరు వల్ల చేసే రోజు దగ్గరవుతుందా, దూరమవుతుందా అన్నదే నాకున్న ప్రశ్న. పట్టీ, రసీదులు చేతిలో పెట్టుకుని రెండుసార్లు తిరిగినా ఎవరూ పలకకపోతే, అప్పుడు మీ తమ్ముణ్ణి వీడియో తియ్యమనండి. నర్సు ముఖం వద్దు, రోగుల ముఖాలు అసలే వద్దు. మీ నోటు పుస్తకం, స్టాంపు వేసిన కాపీలు, కాలువలో మునిగిన ఆ పైపు, ఈ మూడే చూపించమనండి.

ఒకటి మర్చిపోయాను. ఈసారి ఎవరికైనా మొదలైతే, ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకున్నా సరే, తగ్గిపోయినా సరే, పీహెచ్‌సీకో సబ్ సెంటర్‌కో వెళ్లి ఓపీ చీటీ రాయించుకుని, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చుకోమని మీ సంఘంలో అందరికీ చెప్పండి. ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, సగం సగం కాదు. నడవలేని వాళ్లుంటే ఆశా కార్యకర్తకి ఫోన్ చేసి పేరు రాయించండి. చివరి కుళాయి దగ్గర పసుపు రంగు వచ్చిందో లేదో చూసి నాకు ఇంకో ఉత్తరం రాయండి, రాకపోతే తెల్లటి సీసాలో ఆ నీళ్లు పట్టి ఏ కుళాయిదో, ఎన్ని గంటలకి పట్టారో చీటీ అంటించి పంచాయతీ కార్యదర్శి గారి బల్ల మీద పెట్టి రండి.